ఊపిరి గీత, చెమట గీత

పోయిన వారం గీతలమ్మను ల్యాబు వరండాలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పట్నుంచీ అక్కడే నిలబడి ఉంది. కాళ్ళు పీకుతూ ఉంటాయి. ముందు ఆమెను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెడదాం.

కథలోకి ఈ వారమే అడుగుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు. గీతలమ్మ అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఆ ల్యాబులో ఎవరికీ గుర్తులేదు. లై డిటెక్టర్ గీసిన గీతలు చదవడం ఆమె ఉద్యోగం కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది. ఊళ్ళో పెద్దాసుపత్రి మందుల గదిలోంచి నొప్పి తగ్గించే సూదిమందు పెట్టెలు మాయమయ్యాయి. ఆ గదికి తాళంచెవి ఒక్కటే. అది ఉండేది మందుల గది చూసే నర్సు నడుముకి. ఆసుపత్రి అంతా పెద్దక్క అని పిలిచే ఆ నర్సు, నేను తీయలేదు, ఏ పరీక్షకైనా కూర్చుంటాను అంది. అన్నట్టే కూర్చుంది. పరీక్ష చేసింది మాస్టారు, అంటే గీతలమ్మకు ఈ విద్య నేర్పిన గురువు. ఆయన చార్టుకు మార్కులు వేసి, నర్సు అబద్ధం చెబుతోందని తేల్చారు.

ఆ ల్యాబులో ఒక కట్టుబాటు ఉంది. ప్రతి చార్టునూ రెండో మనిషి, రెండో పద్ధతిలో చదవాలి. అది ఎవరిదో, ఏ కేసుదో ఆ రెండో మనిషికి తెలియకూడదు. పేరు మీద కాగితం ముక్క అంటించి, ప్రశ్నల బదులు అంకెలు మాత్రం ఉంచి ఇస్తారు. పేరు చూసిన కన్ను గీత చూడదు అన్నది మాస్టారి మాట. గీతలమ్మ ఆ చార్టు చదివి, ఈ మనిషి నిజమే చెబుతోందని మార్కులు వేసి, కవరు అంటించి సంతకం పెట్టి వరండాలోకి వచ్చింది. వచ్చి చూస్తే, బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని పెద్దక్క కూర్చుని ఉంది. గీతలమ్మ వాళ్ళమ్మను తన కాళ్ళ మీద తాను నిలబెట్టిన మనిషి.

ఇద్దరి మార్కులూ కలవకపోతే రిపోర్టులో 'తేలలేదు' అని రాసి పంపుతారు. మనకు అది చిన్న మాటే. ఆసుపత్రి సూపరింటెండెంటు మాత్రం ముందే చెప్పేశాడు, తేలలేదంటే తీసినట్టే లెక్క అని. సాయంత్రంలోపు కాగితం కావాలి. పెద్దక్క ఉద్యోగం, దానికంటే ముఖ్యంగా ఆమె పేరు, ఆ కాగితం మీద ఆధారపడి ఉన్నాయి.

గీతలమ్మకు ఒకవైపు, అమ్మ కాలి పుండుతో మంచం పట్టినప్పుడు, సూది అంటేనే ఏడ్చే ఆ ముసలి మనిషిని పసిపిల్లను బుజ్జగించినట్టు బుజ్జగించి, గోడ పట్టించి, చేయి పట్టించి, చివరికి చేయి వదిలించి నడిపించిన పెద్దక్క. ఆ కాలి మీదే అమ్మ ఇప్పుడు మేడ మెట్లెక్కి బట్టలారేసి, పక్కింటావిడతో ఓ పేచీ కూడా పెట్టుకుని మరీ దిగుతోంది. ఇంకోవైపు మాస్టారు. రిపోర్టులు టైపు చేసుకుంటూ కూర్చున్న తనను పిలిచి పెన్సిలిచ్చి, నీ చూపు టైపు మిషను మీద వృథా అవుతోంది, ఇటు రా అన్న మనిషి. ఇప్పుడు ఆయన లెక్క తప్పు అనడమంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారే, సరిగ్గా అలా ఉంది ఆమె పని. అయినా వెళ్ళి మాస్టారి గది తలుపు తట్టింది.

మాస్టారికి స్క్రీను మీద నమ్మకం లేదు. చార్టులన్నీ అచ్చు తీయించి, టేపుతో అతికించి, బల్ల పొడవునా పరుచుకుంటారు. అటుచివర సగం చార్టు నేల మీదికి వేలాడుతోంది. టీ సాసరు నిండా పెన్సిలు చెక్కిన పొట్టు. గీతలమ్మ కవరు ఆయన మోచేతి దగ్గర తెరిచి ఉంది.

"నాది మైనస్ ఏడు. నీది ప్లస్ అయిదు" అన్నారు తలెత్తకుండానే. "ఇద్దరం ఒకే మనిషి చార్టు చూశామా అని అనుమానమొచ్చి, నంబరు మళ్ళీ సరిచూసుకున్నా."

గీతలమ్మ కూర్చోకుండానే చెప్పాల్సిందంతా చెప్పేసింది. వరండాలో ఎవరు కనిపించారో, ఆమె తనకు ఏమవుతుందో, అమ్మ కాలి సంగతేమిటో, ఏదీ దాచలేదు. మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. మిగతావాళ్ళకు అబద్ధం పట్టుకోవడానికి యంత్రం కావాలి గానీ, ఆయనకు కళ్ళజోడు తీస్తే చాలని ల్యాబులో చెప్పుకుంటారు.

"ఎప్పుడు తెలిసింది?"

"సంతకం పెట్టి కవరు అంటించాక."

"ఆసుపత్రివాళ్ళు ఎలాగూ అడుగుతారు. అందుకని నేనే ముందు అడుగుతున్నా, ఏమీ అనుకోకు. ఈ అయిదింట్లో కృతజ్ఞతకి ఎన్ని వేశావు?"

ఆ మాట సూటిగా వెళ్ళి గుచ్చుకుంది. మరొకరైతే, మీరు ఫైలంతా చదివాక మార్కులు వేశారు, అందులో అనుమానానికి ఎన్ని వేశారు అని అడిగేసేవాళ్ళు. గీతలమ్మ నోటి దాకా వచ్చిన మాటను మింగింది. ఆయన అడగకూడనిదేమీ అడగలేదని ఆమెకు తెలుసు. ఇలాంటి ప్రశ్నకు నొచ్చుకోకుండా నిలబడటం నేర్పింది కూడా ఆయనే.

"ఒక్కటీ వేయలేదు మాస్టారూ. నా మాట మీద నమ్మక్కర్లేదు. కొత్త కాపీలు తీయించండి. నా పద్ధతిలో మీరు వేయండి, మీ పద్ధతిలో నేను వేస్తాను. నా మనసే అడ్డమొచ్చి ఉంటే, మీ పద్ధతిలో వేసినా నాకు ప్లస్సే రావాలి కదా."

మాస్టారు ఆమెను కాసేపు చూసి, గంట కొట్టి రెండు కాపీలు తెప్పించారు.

ఇక్కడ ఆ రెండు పద్ధతుల సంగతీ చెప్పాలి, లేకపోతే మీరు నన్ను తిట్టుకుంటారు. కుర్చీలో కూర్చున్న మనిషికి ఛాతీ చుట్టూ రబ్బరు గొట్టం కడితే ఊపిరి గీత వస్తుంది. వేళ్ళకు పలకలు తొడిగితే చెమట గీత, జబ్బకు బీపీ పట్టీ చుడితే నాడి గీత. నేరం గురించి ఒక ప్రశ్న, దాని పక్కనే ఎవరైనా కాస్త తడబడే మామూలు ప్రశ్న, నిన్ను నమ్మినవాళ్ళకు ఎప్పుడైనా అబద్ధం చెప్పావా లాంటిది అడుగుతారు. నేరం ప్రశ్నకు గీత ఎక్కువ మారితే మైనస్, మామూలు ప్రశ్నకు ఎక్కువ మారితే ప్లస్. ఊపిరి గీతకైతే అణగడమే మార్పు. ఇంతవరకూ ఇద్దరికీ పేచీ లేదు. మాస్టారిది మెట్ల పద్ధతి. తేడా కొద్దిగా ఉంటే ఒకటి, బాగా ఉంటే రెండు, కొట్టొచ్చినట్టుంటే మూడు. మూడు గీతలకూ సమాన గౌరవం. గీతలమ్మది తర్వాత వచ్చిన పద్ధతి. అందులో మెట్లు లేవు, ఏ ప్రశ్నకు మార్పు పెద్దదైతే అటు ఒకటి, అంతే. కాకపోతే చెమట గీతకు మాత్రం రెండింతలు. ఊపిరి మనం ఆపితే ఆగుతుంది. చెమటను ఆగమంటే ఆగదు కదా, అందుకని దాని సాక్ష్యానికి బరువెక్కువ.

ఇద్దరూ ఒకే బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని పరీక్ష రాసే పిల్లల్లా తలలు దించారు. మాస్టారికి తన అలవాటు కొద్దీ మూడు వేయబోయి, నాలిక్కరుచుకుని చెరుపుకోవాల్సి వచ్చింది. గీతలమ్మకు ఆ మెట్లు కొత్తవి కావు, మొదట దిద్దింది వాటి మీదే. ఆయన నేర్పిన పద్ధతిలోనే ఆయనను తప్పు పట్టబోతున్నానేమో అన్న బెంగ ఆమెను చివరి గీత దాకా వదల్లేదు.

కాగితాలు మార్చుకున్నారు. మెట్ల పద్ధతిలో గీతలమ్మకు మైనస్ ఆరు వచ్చింది. ఆమె పద్ధతిలో మాస్టారికి ప్లస్ నాలుగు వచ్చింది.

మాస్టారు చిన్నగా నవ్వారు. "చేతులు మారినా లెక్క మారలేదు. నిన్ను అడిగిన మాట వెనక్కి తీసుకుంటున్నా అమ్మాయ్."

గీతలమ్మకు గుండె మీది బరువు దిగినట్టయింది. ఆయన ముందు తాను మళ్ళీ తలెత్తుకుని కూర్చోగలిగింది. కానీ మాస్టారు అక్కడితో ఆగలేదు. దీంతో నువ్వు నిజం చెబుతున్నావని తేలింది గానీ, ఆ నర్సు సంగతి తేలలేదు కదా అన్నారు. అదీ నిజమే.

అప్పుడు గీతలను ఒక్కొక్కటిగా విడదీశారు. నాడి గీత ఎటూ మొగ్గలేదు. చెమట గీత చిన్నగానే అయినా ప్రతిసారీ నర్సు పక్షాన నిలబడింది. ఎదురు తిరిగింది ఊపిరి గీత ఒక్కటే. నేరం ప్రశ్న వచ్చిన ప్రతిసారీ అలలు అణిగిపోయి దాదాపు చదునైపోయింది. మాస్టారు పెద్ద మైనస్‌లు వేసింది అక్కడే.

"ఊపిరి బిగబట్టింది. భయం లేనివాళ్ళు ఎందుకు బిగబడతారు?" అన్నారాయన.

గీతలమ్మ స్కేలు తీసుకుని చార్టు మీదికి వంగింది. ప్రశ్న మొదలైన చోట ఒక గుర్తు, ముగిసిన చోట ఒకటి, జవాబు చెప్పిన చోట మరొకటి ఉంటాయి. భయపడ్డ మనిషికి ప్రశ్న అర్థమయ్యాక గీత మారాలి. ఇది ప్రశ్న పూర్తికాక ముందే, మధ్యలోనే ఆగుతోంది. ఆ మాట ఆమె చెప్పగానే మాస్టారు సొరుగులోంచి ప్రశ్నల కాగితం తీసి, తాను ఆ రోజు అడిగినట్టే నింపాదిగా చదవడం మొదలుపెట్టారు. ఆయన గొంతు వెంట గీతలమ్మ వేలు గీత మీద నడిచింది. మందుల గదిలోంచి పోయిన సూదిమందు మీరే తీశారా? ఆ సూదిమందు మీరే బయటికి చేర్చారా? ప్రతి ప్రశ్నలోనూ ఆమె వేలు, ఆయన గొంతు, సూదిమందు అన్న మాట దగ్గరే కలిశాయి. పక్కన అడిగిన మామూలు ప్రశ్నలు వేటిలోనూ ఆ మాట లేదు.

గీతలమ్మ వేలు అక్కడే ఆగిపోయింది. ఆసుపత్రి మంచం, అమ్మ గట్టిగా మూసుకున్న కళ్ళు, పెద్దక్క చేతిలో సూది ఆమె కళ్ళ ముందు మెదిలాయి. కదలకండమ్మా అని పెద్దక్క తన ఊపిరి కూడా బిగబట్టేది. సూది బయటికి వచ్చాకే ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలేవాళ్ళు. గుచ్చేది నాకు, ఆగేది ఆవిడ ఊపిరి అని అమ్మ ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంది.

అదంతా విని మాస్టారు ప్రశ్నల కాగితం బల్ల మీద పెట్టారు.

"ఇది నువ్వు కళ్ళు తెరుచుకుని చెబుతున్న సాక్ష్యం. మార్కులు కళ్ళు మూసుకుని వేసినవి. రెండూ కలపకు" అన్నారు.

"కలపను మాస్టారూ. కానీ నేను చెప్పింది నిజమో కాదో చూడొచ్చు కదా. నేరంతో సంబంధం లేని ప్రశ్నల్లో ఆ మాట పెట్టి అడిగి చూడండి. అప్పుడూ ఊపిరి ఆగితే, అది అబద్ధానికి ఆగినట్టు కాదు."

మాస్టారు కాగితం లాక్కుని రాయడం మొదలుపెట్టారు. నాలుగైదు ప్రశ్నలు రాశాక పెన్సిలు పక్కన పెట్టి, కిటికీ వైపు చూస్తూ అన్నారు: "ఫైల్లో తాళంచెవి ఒక్కటే అన్న వాక్యం చదివాకే నేను పరీక్షకు కూర్చున్నా. నా పెన్సిలు అప్పుడే ఒక పక్కకు ఒరిగిందేమో. నువ్వు లేకపోతే ఈపాటికి ఒక మనిషి పేరు మీద మట్టి పోసేవాణ్ణి. దణ్ణాలు పెట్టే శిష్యులు బోలెడంతమంది దొరుకుతారు. తప్పు చూపించే శిష్యురాలు నాకు దొరికింది. ఆ పెన్సిలు నీ చేతికిచ్చిన రోజు మంచి రోజు."

గీతలమ్మకు కళ్ళు నిండాయి. పొట్టు పారబోయడానికన్నట్టు సాసరు తీసుకుని అటు తిరిగింది. ఇంతకాలం ఆయనకు కృతజ్ఞతలు చెప్పాల్సింది తానే అనుకుంది. ఎదురు వస్తాయని ఆమె కలలో కూడా అనుకోలేదు.

పరీక్ష గదిలో చూడటానికేమీ ఉండదు. వట్టి గోడ, గోడకు ఎదురుగా వెడల్పు చేతుల కుర్చీ, కుర్చీ వెనక స్క్రీను. మాస్టారు నర్సు పక్కన కాగితంతో కూర్చుంటే ఆయనకు ఆమె ముఖం కనిపిస్తుంది గానీ గీతలు కనిపించవు. అవి కనిపించేది వెనక కూర్చున్న గీతలమ్మకు మాత్రమే. మార్కులేమీ వేయొద్దు, ఊపిరి ఆగిందా లేదా అన్నది మాత్రం చూడు అని చెప్పారు మాస్టారు. ఇది పరీక్ష కాదు, పరీక్షకు పరీక్ష అని నవ్వారు కూడా.

పెద్దక్క గీతలమ్మను చూడగానే గుర్తుపట్టింది. పట్టీ చుడుతుంటే, అమ్మగారు ఎలా ఉన్నారు మేడమ్ అని మెల్లగా అడిగింది. మేడ మెట్లెక్కుతోంది అని మాత్రం చెప్పగలిగింది గీతలమ్మ. పెద్దక్క ముఖమంతా నవ్వింది. తన ఉద్యోగం దారానికి వేలాడుతున్న రోజున కూడా ఒక ముసలమ్మ మెట్లెక్కుతోందని అంత సంతోషించే మనిషిని చూసి, గీతలమ్మ మనసులోనే చేతులు జోడించింది.

ఈ గది గోడలు తెల్లగా ఉన్నాయా అని అడిగారు మాస్టారు. ఊపిరి గీత అలలు అలలుగా సాగిపోయింది. సూదిమందు పిల్లలకు కూడా వేస్తారా అన్నారు. గీత టక్కున అణిగి, చదునైపోయింది. ఇవాళ ఎండగా ఉందా అంటే మళ్ళీ అలలు. సూదిమందు చల్లని చోట దాచాలా అంటే మళ్ళీ చదును. చెమట గీత మాత్రం నిద్రపోతున్నట్టు పడుకుని ఉంది. గీతలమ్మ వెనకనుంచి తలూపింది. మాస్టారు కాగితం మీదినుంచి కళ్ళెత్తి ఆ తలూపడం చూసి, హాయిగా వెనక్కి వాలారు.

ఇంక ఒక్కటే మిగిలింది. ఊరికే ఖాళీ నింపడానికి రాసుకున్న ప్రశ్న. ఫైల్లో ఉన్నదే, అందరూ ఒప్పుకున్నదే.

"మందుల గదికి తాళంచెవి ఒక్కటేనా?"

"ఒక్కటే" అంది పెద్దక్క.

ఊపిరి గీత మామూలుగానే సాగింది. పడుకుని ఉన్న చెమట గీత లేచి, నిటారుగా స్క్రీను పైఅంచు దాకా వెళ్ళి, అక్కడ దారి లేక ఆగింది.

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆసుపత్రికి ఫోన్ చేసి రిపోర్టు వస్తోందని చెప్పి వస్తాను, ఈలోగా నువ్వు ఇవన్నీ విప్పు అని తన గదికి వెళ్ళారు. గీతలమ్మ వచ్చి పట్టీ విప్పింది. పెద్దక్క ఆ పట్టీ అందుకుని, అలవాటు కొద్దీ నీటుగా చుట్టి, ఒళ్ళో పెట్టుకుంది.

"చూశావు కదూ" అంది. మేడమ్ అన్న పిలుపు పోయింది. ఆసుపత్రి మంచం దగ్గర పిలిచిన గొంతుతోనే పిలిచింది. "నా నాడి నాకే వినపడిందమ్మాయ్. నువ్వు చూడకుండా ఉంటావా."

"రెండో తాళంచెవి ఉంది కదక్కా? ఎవరి దగ్గరుంది? ఆ ఒక్క మాట చెబితే నీ మీద ఇక ఏ మచ్చా ఉండదు."

"నా మీద ఉండదు" అంది పెద్దక్క. గోడవైపే చూస్తూ మళ్ళీ అంది: "చేసింది చెప్పుకుని అడగడం నాకు చేతకాదు. ఇవాళ మాత్రం అడుగుతున్నా. మీ అమ్మ నడుస్తోంది కదా. ఆ నడక మీద ఒట్టేసి అడుగుతున్నాననుకో. ఆ ఒక్క గీత మాస్టారికి చూపించకు."

అంతలోనే తలుపు తెరుచుకుంది. మాస్టారు కాగితాలు చేత్తో పట్టుకుని, చాలాకాలం తర్వాత కుర్రాడిలా చకచకా వచ్చారు. ఊపిరి మార్కులు తీసేసి మళ్ళీ కూడితే తన లెక్క కూడా ప్లస్‌లోకి వచ్చిందట. ఇద్దరి లెక్కలూ కలిశాయి, కాగితం తయారైంది, కింద తన సంతకమొక్కటే బాకీ అట.

"మిగతా గీతలన్నీ మామూలేనా గీతలమ్మా? నువ్వు ఊ అంటే సంతకం పెట్టేస్తా. నేను మళ్ళీ స్క్రీను చూడను. ఇవాళ నాకు నీ కన్ను చాలు."

గీతలమ్మ కుర్చీవైపు చూసింది. రబ్బరు గొట్టం విప్పేసి ఉంది, పలకలు తీసేసి ఉన్నాయి. ఏ యంత్రం లేకుండానే, వెనకనుంచి ఆ భుజాలు చూస్తే చాలు, పెద్దక్క ఊపిరి ఆగిపోయి ఉందని తెలుస్తోంది.